రాజస్థాన్ ఎడారి మేళాలు: ఏ రోజు వెళ్ళాలి, ఎలా చూడాలి?

పుష్కర్ మేళాకు వెళ్ళొచ్చినవాళ్ళు తరచుగా అనే మాట ఒకటుంది: "ఒంటెల కోసం పోతే జనమే కనపడ్డారు." మేళాలో లోపమేమీ లేదు, ఎంచుకున్న రోజే తప్పు. థార్ ఎడారిలో పెద్ద మేళాలు దాదాపు అన్నీ తిథుల మీద నడుస్తాయి. ఒకే మేళా మొదటి రోజుల్లో ఒకలా, చివరి రోజుల్లో పూర్తిగా ఇంకోలా ఉంటుంది. టికెట్టు కొనేముందే ఆ తేడా తెలుసుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం చలి, దుమ్ము, బేరాల సంగతి.

1. ముందు ఏం చూడాలో తేల్చుకోండి

ఎడారి మేళాలు మూడు రకాలు.

మొదటిది పశువుల సంత. మాఘ మాసంలో నాగౌర్ దగ్గర మానాసర్‌లో జరిగే రామ్‌దేవ్ పశు మేళా, బాలోత్రా పక్కన తిల్వాడాలో లూణీ నది ఎండిన ఇసుక మీద జరిగే మల్లీనాథ్ పశు మేళా ఈ కోవవి. ఇక్కడికి వచ్చేవాళ్ళు కొనడానికో అమ్మడానికో వస్తారు. ఊరికే చూడటానికి వచ్చినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. నిజానికి అదే హాయి.

రెండోది జాతర. పోఖరణ్‌కు 12 కిలోమీటర్ల దూరంలోని రామ్‌దేవ్‌రా, హనుమాన్‌గఢ్ జిల్లాలోని గోగామేడీ, బికానేర్‌కు దగ్గర్లోని కోలాయత్, నవరాత్రుల్లో దేశ్‌నోక్ కరణీమాత గుడి. ఇక్కడ భక్తే ప్రధానం, సందర్శకుల కోసం ప్రత్యేకంగా ఏర్పాట్లు ఆశించకూడదు.

మూడోది పర్యాటక శాఖ నడిపే ఉత్సవం. జైసల్మేర్ మరు మహోత్సవ్, బికానేర్ ఒంటెల పండుగ అలాంటివి. మైకులు, పోటీలు, శామియానాలు, రాత్రి పాటకచేరీలు ఉంటాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఇవే సులువు.

సంత, జాతర, ఉత్సవం ఒకదాని మీద ఒకటి పడేది పుష్కర్‌లోనే. అందుకే దానికంత పేరు, అందుకే అక్కడే ఎక్కువమంది నిరాశపడతారు కూడా.

2. తిథిని తేదీగా మార్చుకోండి, ఇక్కడే తెలుగువాళ్ళు పొరపడేది

రాజస్థాన్‌లో నెల పౌర్ణమితో ముగుస్తుంది. మనకు అమావాస్యతో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో వచ్చే మేళాలకు ఈ తేడా ఏమీ చెయ్యదు, రెండు పంచాంగాల్లోనూ నెల పేరు ఒకటే. బహుళ పక్షంలో వచ్చేవాటికి మాత్రం వాళ్ళ నెల పేరు మనకంటే ఒకటి ముందుంటుంది. హిందీ సైటులో చదివిన తిథిని తెలుగు కేలండర్లో వెతికితే సరిగ్గా నెల తేడా వస్తుంది.

శుద్ధ పక్షానివి నేరుగా చూసుకోవచ్చు. పుష్కర్‌లో స్నానాలు కార్తిక శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా, పశువుల రాక మాత్రం నెల మొదట్లోనే. కోలాయత్‌లో కపిల ముని సరస్సు జాతర కార్తిక పౌర్ణమికి. నాగౌర్ సంత మాఘ శుద్ధంలో. జైసల్మేర్ మరు మహోత్సవ్ మాఘ శుద్ధ త్రయోదశి నుంచి పౌర్ణమి వరకు, కొన్నేళ్ళు ఒక రోజు ముందే పోఖరణ్‌లో మొదలుపెడతారు. రామ్‌దేవ్‌రా భాద్రపద శుద్ధ విదియ నుంచి ఏకాదశి వరకు, అంటే ఇక్కడ మన వినాయక చవితి పందిళ్ళు నడుస్తున్న రోజులు. చెట్లు కొట్టనివ్వకుండా 1730లో 363 మంది బిష్ణోయీలు (చెట్లను, జంతువులను కాపాడటం నియమంగా పెట్టుకున్న శాఖవాళ్ళు) ప్రాణాలిచ్చిన, జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో జరిగే మేళా కూడా ఆ రోజుల్లోనే, దశమి నాడు.

జాగ్రత్తగా చూడాల్సినవి ఇవి. తిల్వాడా మేళా వాళ్ళ లెక్కలో చైత్ర బహుళ ఏకాదశికి మొదలవుతుంది. మనకది ఫాల్గుణ బహుళ ఏకాదశి. చైత్ర శుద్ధ ఏకాదశి దాకా సాగుతుంది కనుక ఉగాది ఆ మేళా మధ్యలో పడుతుంది. గోగామేడీ జాతర జరిగే గోగా నవమి వాళ్ళకు భాద్రపదం, మనకు శ్రావణ బహుళ నవమి. ముకామ్ అనే ఊళ్ళో బిష్ణోయీలు జరుపుకునే మేళాకు వాళ్ళు చెప్పే ఫాల్గుణ అమావాస్య మన మాఘ అమావాస్యే.

అధిక మాసం వస్తే ఆ తర్వాతివన్నీ ఆలస్యంగా వస్తాయి. 2025లో కార్తిక పౌర్ణమి నవంబరు 5న పడింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందువల్ల అది నవంబరు 24న. మాఘ పౌర్ణమి 2026లో ఫిబ్రవరి 1, 2027లో ఫిబ్రవరి 20. "పోయినేడు ఫలానా తారీఖున జరిగింది కదా" అని గది బుక్ చేసుకునేవాళ్ళు మూడు వారాల తేడాతో ఖాళీ మైదానం చూసి వస్తారు. తిథితో పనిలేనిది బికానేర్ ఒంటెల పండుగ. అది జనవరిలో జరుగుతుంది, తేదీలు పర్యాటక శాఖ ప్రకటిస్తుంది.

3. పుష్కర్‌కైతే రెండు సగాల్లో ఒకటి ఎంచుకోండి

పశువుల బేరాలు ఏకాదశికి ముందే చాలావరకు ముగుస్తాయి. అమ్ముడైన ఒంటె మర్నాడే బయల్దేరుతుంది. అమ్ముడుపోనిదాన్ని మేత ఖర్చు భరించి పౌర్ణమి దాకా నిలబెట్టుకునే రైతు తక్కువ. కాబట్టి ఒంటెలు, గుర్రాలు, బేరాలు కావాలంటే శుద్ధ తదియకు చేరుకుని సప్తమి దాకా ఉండండి. స్నానాలు, దీపాలు, గుడులు కావాలంటే ఏకాదశి నుంచి పౌర్ణమి. నాలుగు రోజులే సెలవుంటే, రెండూ కొద్దికొద్దిగా కావాలంటే, అష్టమికి దిగి ఏకాదశి స్నానం చూసి బయటపడటం మేలు. పౌర్ణమి నాడు వచ్చేవాళ్ళకు తల ఎత్తే సందు కూడా ఉండదు.

పాత ఫొటోలు చూసి దిగంతం దాకా ఒంటెలే ఉంటాయని మాత్రం అనుకోవద్దు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద ఒంటెలు దాదాపు రెండున్నర లక్షలే, 2012తో పోలిస్తే 37 శాతం తగ్గాయి. పొలంలో ట్రాక్టరు వచ్చింది, మేత బీళ్ళు తగ్గాయి. 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధించి, రాష్ట్రం బయటికి తోలుకుపోవడాన్ని నియంత్రిస్తూ చట్టం తెచ్చాక బయటి కొనుగోలుదారులు రావడం తగ్గింది. ఆ మేరకు గుర్రాల వరసలు పెరిగాయి. ఇప్పుడు పుష్కర్‌లో పెద్ద డబ్బు చేతులు మారేది గుర్రాల వైపే.

4. రైలు, గది

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. గది అంతకంటే ముందే చూసుకోవాలి. మేళా రోజుల్లో మామూలు అద్దె మీద రెండు మూడు రెట్లు అడుగుతారు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గదిని ముందు పట్టుకుని, తర్వాత రైలు టికెట్టు తీసుకోండి.

కాచిగూడ నుంచి జోధ్‌పూర్‌లోని భగత్ కీ కోఠీకి 2025 జులైలో రైలు మొదలైంది. విశాఖపట్నం నుంచి కూడా భగత్ కీ కోఠీకి వారానికోసారి రైలుంది. జోధ్‌పూర్ చేరితే ఎడారి మేళాలన్నిటికీ అదే కూడలి: పుష్కర్ సుమారు 190 కిలోమీటర్లు, నాగౌర్ 140, బికానేర్ 250, జైసల్మేర్ 285. విమానంలో వచ్చేవాళ్ళకు జైపూర్ నుంచి పుష్కర్ 150 కిలోమీటర్ల లోపే, కిషన్‌గఢ్ నుంచి ఇంకా దగ్గర. జైసల్మేర్‌కు విమానాలు ప్రధానంగా చలికాలంలోనే.

పుష్కర్‌కు దగ్గరి పెద్ద స్టేషన్ అజ్మీర్, 15 కిలోమీటర్లు. మధ్యలో నాగ్ పహాడ్ కొండ మలుపులు. మామూలుగా అరగంట పట్టే ఆ దారికి చివరి రెండు రోజుల్లో గంటన్నర వేసుకోండి. వాహనాలను ఊరి బయటే ఆపేస్తారు, కిలోమీటరో రెండో సామాను మోసుకుని నడవాలి. చక్రాల పెట్టె ఇసుకలో లాగలేరు, వీపు సంచీయే తెచ్చుకోండి. పుష్కర్‌లో గది దొరక్కపోతే అజ్మీర్‌లో ఉండి తెల్లవారుజామునే బయల్దేరినా నడుస్తుంది.

మైదానం పక్క గుడారం బుక్ చేసేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసి జవాబు రాతలో తీసుకోండి. స్నానాలగది గుడారానికి ఆనుకుని ఉందా? వేణ్ణీళ్ళు ఏ వేళల్లో? రజాయిలు మనిషికి ఎన్ని? మేళా మైదానం నడిచి ఎంతసేపు? "అయిదు నిమిషాలే" అంటే కారులోనా, కాళ్ళతోనా అని అడగండి. జైసల్మేర్‌లో సమ్ దిబ్బల శిబిరాలకు ఇంకో ప్రశ్న: ఒంటె సవారీ, జీపు, రాత్రి భోజనం, కచేరీ అన్నీ ప్యాకేజీలో ఉన్నాయా? జీపును విడిగా లెక్కగట్టడం అక్కడ మామూలే.

5. సంచిలో ఏం పెట్టుకోవాలి

నవంబరులో పుష్కర్‌లో పగలు 30 డిగ్రీల దాకా ఉంటుంది, తెల్లారుజామున 12కు పడిపోవచ్చు. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో జైసల్మేర్ దిబ్బల మీద ఇంకా తక్కువ. ఇసుక పగటి వేడిని నిలుపుకోదు, పొద్దు గుంకిన గంటలోనే ఒళ్ళు వణుకుతుంది. కోస్తా చలికి వాడే స్వెట్టరు ఒక్కటే చాలదు. లోపల థర్మల్ బనీను, పైన స్వెట్టరు, ఆపైన గాలి చొరబడని జాకెట్టు, చెవులు మూసే టోపీ తెచ్చుకోండి. పగలు ఒక్కొక్కటే విప్పుకోవచ్చు.

మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్ళు కావాలి. పొడిగాలికి చెమట కనపడకుండానే ఆరిపోతుంది, దాహం తెలిసేటప్పటికే తలనొప్పి మొదలవుతుంది. లీటరుకు ఒకటి చొప్పున కలుపుకునే ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు, పెదాలకు వాజిలైన్, రెండు మీటర్ల పల్చటి నూలు తువాలు పెట్టుకోండి. పశువుల మైదానంలో గాలి నిండా ఎండిన పేడ దుమ్మే. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాస్కు, ఇన్‌హేలరు లేకుండా అడుగుపెట్టకూడదు. కాంటాక్టు లెన్సులు మానేసి కళ్ళద్దాలు పెట్టుకోండి.

బట్టల సంగతిలో ఎవరూ ముందు చెప్పనిది భూరట్ గడ్డి. దాని ముళ్ళ గింజలు సాక్సుకు, ఊలుకు, చీర కుచ్చిళ్ళకు పదులకొద్దీ అంటుకుంటాయి. వేళ్ళతో లాగితే గుచ్చుకుంటాయి. నున్నటి గుడ్డ పాంటు, పూర్తిగా మూసిన బూట్లు వేసుకుని, జేబులో ఒక పాత దువ్వెన ఉంచుకోండి. దువ్వితే రాలిపోతాయి.

నగదు తప్పదు. టీ బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, కానీ జనం లక్షల్లో చేరిన రోజు నెట్‌వర్కు నిలబడదు. పది, ఇరవై, యాభై నోట్లు ఎక్కువగా ఉంచుకోండి.

6. మేళా మైదానంలో ఒక ఉదయం

నవంబరు మూడో వారంలో పుష్కర్‌లో సూర్యోదయం సుమారు 6:50కి. మీరు ఆరుంబావుకే దిబ్బల మీద ఉండాలి. ఆ వేళకు పిడకల పొగ నేలబారున పరుచుకుని ఉంటుంది, రాయికా కాపరులు పొయ్యి రాజేసి టీ కాస్తుంటారు, ఒంటెలు కూర్చునే నెమరు వేస్తుంటాయి. వాటి ముందు గోనెపట్టా మీద పోసిన మేత దగ్గరగా చూడండి, అందులో చాలావరకు మన గోరుచిక్కుడు జాతి పొట్టే. తొమ్మిదికల్లా ఎండ తెల్లబడి, పొగ విడిపోయి, జీపులు దిగుతాయి. సూర్యాస్తమయానికి ముందు గంట మళ్ళీ బాగుంటుంది. మధ్యలో గుడులు, భోజనం, నిద్ర.

బేరం జరుగుతున్న చోట పక్కన నిలబడి చూడొచ్చు, మధ్యలో మాట్లాడకూడదు. కొనేవాడు మొదట పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, వయసు అక్కడ తెలుస్తుంది. తర్వాత నడిపించి కాలు ఈడుస్తుందేమో చూస్తాడు. గుర్రాల దగ్గర మార్వాడీ జాతిని చెవులతో పోల్చుకోవచ్చు. కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి. మన సంతల్లో ఎడ్లకు సుడులు చూసినట్టే అక్కడా గుర్రం ఒంటి మీద సుడులు ఎక్కడున్నాయో చూసి శుభమో అశుభమో తేలుస్తారు. ఒక్క సుడికి ధర సగమైపోవడం ఉంది.

ప్రమాదం గురించి చెప్పాల్సింది ఒకటే, కానీ ముఖ్యమైనది. చలికాలం మగ ఒంటెలకు మదం పట్టే కాలం. నోటి పక్క నుంచి ఎర్రటి బుడగలాంటిది బయటికి వేలాడేసి గడగడమని శబ్దం చేస్తుంటే, నురగ కక్కుతూ పళ్ళు కొరుకుతుంటే అది మదంలో ఉన్నట్టు. ఆ బుడగ దాని మెత్తని అంగిలి, జబ్బేమీ కాదు. అలాంటిదాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకోవద్దు, అది కరిస్తే చెయ్యి విరుగుతుంది. ఏ ఒంటెకైనా, గుర్రానికైనా వెనకవైపు నుంచి వెళ్ళకండి. కట్టుతాళ్ళు నేలమీద సాగి ఉంటాయి, చీకట్లో వాటికి తట్టుకుని పడేవాళ్ళే ఎక్కువ.

ఫొటోకు ముందు అడగండి. అలంకరించుకుని, రావణహత్థా అనే తీగ వాయిద్యం పట్టుకుని, మీకోసమే నిలబడ్డవాళ్ళు డబ్బు ఆశిస్తారు. అది వాళ్ళ పని, ఇవ్వండి. టీ కాస్తున్న కాపరి ఆశించడు, అతనికి తీసిన ఫొటో చూపిస్తే చాలు. పరదా వేసుకున్న ఆడవాళ్ళను తీయవద్దు.

మధ్యాహ్నం తర్వాత స్టేడియంలో పోటీలు ఉంటాయి: తలపాగా చుట్టడం, మీసాలు, కుండలతో పరుగు, ఒంటె అలంకరణ. తీరిక ఉంటే చూడండి, లేకపోతే పోయిందేమీ లేదు. ఒంటె అలంకరణ మాత్రం వదలకండి.

7. సరస్సు దగ్గర

పుష్కర్ సరస్సు చుట్టూ 52 ఘాట్లు. మెట్లు మొదలవకముందే చెప్పులు విడవాలి. స్నానం చేసేవాళ్ళ ఫొటోలు తీయడం నిషేధం. ఊళ్ళో మద్యం, మాంసం, గుడ్డు దొరకవు. తెచ్చుకునే ప్రయత్నమూ చేయవద్దు.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. దారిలో ఎవరో చేతిలో పువ్వు పెట్టి "సరస్సులో వదలండి, ఉచితమే" అంటారు. పువ్వు తీసుకున్నారంటే ఘాట్ మెట్ల మీద కూర్చోబెట్టి, అమ్మానాన్నలు, అన్నదమ్ములు, పిల్లల పేర్లన్నీ చెప్పించి, సంకల్పంలోనే ఒక్కొక్కరి పేరున ఇంత ఇస్తానని అనిపిస్తారు. నీళ్ళు చేతిలో పట్టుకుని అన్నమాట కాబట్టి వెనక్కి తీసుకోవడానికి మనసు ఒప్పదు. పూజ వద్దనుకుంటే పువ్వే తీసుకోకండి, నమస్కారం పెట్టి నడవండి. చేయించుకోవాలనుకుంటే కూర్చోకముందే "మొత్తం దక్షిణ ఇంత, ఇంకేమీ లేదు" అని రూపాయల్లో చెప్పండి. ఒప్పుకున్న పంతులుతోనే మెట్లు దిగండి. మణికట్టుకు ఎర్ర దారం కట్టాక ఇంకెవరూ అడ్డుపడరు.

ఏకాదశి, పౌర్ణమి స్నానాలు తెల్లారకముందే మొదలవుతాయి. బ్రహ్మ ఘాట్, గౌ ఘాట్, వరాహ ఘాట్ల దగ్గర తొక్కిడి ఎక్కువ. పిల్లలతో ఉన్నవాళ్ళు పక్క ఘాట్లకు వెళ్ళడం మంచిది, నీళ్ళు అవే. బ్రహ్మ గుడిలోకి సంచులతో, కెమెరాలతో పోనివ్వరు, గదిలోనే వదిలి రండి. సావిత్రీ దేవి కొండకు మెట్ల దారితోపాటు రోప్‌వే ఉంది. తెల్లారి మెట్లెక్కితే సరస్సు, మైదానం రెండూ ఒక్కచూపులో కనిపిస్తాయి.

బజారు మధ్యలో దక్షిణాది గోపురంతో ఒక గుడి ఎదురై ఆశ్చర్యపరుస్తుంది. అది పాత రంగ్‌జీ గుడి, 1823లో కట్టించింది హైదరాబాదు వ్యాపారి సేఠ్ పూరన్‌మల్ గనేరీవాలా. హైదరాబాదులో సీతారాంబాగ్ గుడి కట్టించిందీ ఆయనే.

8. ఒంటె ఎక్కడం, దిగడం

ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేస్తాయి. మీరు ఒక్కసారిగా ముందుకు తూలుతారు. కాబట్టి కూర్చోగానే జీను ముందు కొయ్యను రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలండి. తర్వాత ముందుకాళ్ళు లేచేసరికి సమం అవుతుంది. కూర్చునేటప్పుడు ముందుకాళ్ళే మొదట మడుస్తుంది, అంటే మళ్ళీ ముందుకే తూలుతారు, మళ్ళీ వెనక్కే వాలాలి. ఎక్కేటప్పుడు గుర్తుంచుకుని దిగేటప్పుడు మరిచిపోయి పడేవాళ్ళను దిబ్బల మీద రోజూ చూడొచ్చు. ఫోను జేబులో పెట్టి బొత్తాం వేసుకున్నాకే ఎక్కండి.

మొదటిసారికి అరగంట చాలు, గంట దాటితే తొడలు పట్టేస్తాయి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు ఒంటె బండి నయం. ముక్కు పుల్ల దగ్గర పుండు, రక్తం ఉన్న జంతువును, కుంటుతున్నదాన్ని ఎక్కవద్దు. ధర మనిషికా, ఒంటెకా, ఎంతసేపటికి, ఎక్కడి దాకా అన్నది ముందే తేల్చుకోండి. "దిబ్బ దాకా" అని తీసుకెళ్ళి వెనక్కి రావడానికి ఇంకో ధర చెప్పడం పాత ఎత్తు.

9. మాఘంలో నాగౌర్ నుంచి జైసల్మేర్ దాకా ఒకే దారి

రెండూ మాఘ శుద్ధంలోనే కనుక ఒకే ప్రయాణంలో కలపొచ్చు. సప్తమి, అష్టముల్లో నాగౌర్ చూడండి. అక్కడ ఎడ్లే రాజులు. నాగౌరీ జాతి తెల్లటి, పొడుగు కాళ్ళ, వేగంగా నడిచే ఎడ్లు. ఒంగోలు గిత్తను చూసిన కంటికి ఇవి సన్నగా తోస్తాయి, పరుగు చూశాక అభిప్రాయం మారుతుంది. పక్కనే ఎండుమిర్చి రాశులు, కొయ్య, ఇనుప సామాను, పశువుల గంటలు. ఒక పూట నుంచి ఒక రోజు చాలు. బస కోసం జోధ్‌పూర్‌లో ఉండి పొద్దున్నే వచ్చి వెళ్ళొచ్చు.

త్రయోదశికి జైసల్మేర్. మొదటి ఉదయం గడీసర్ చెరువు దగ్గర నుంచి ఊరేగింపు బయల్దేరి కోట కింద బజార్ల గుండా స్టేడియానికి చేరుతుంది. స్టేడియంలో కంటే బజారులో గోడవారగా నిలబడితేనే సరిహద్దు దళం ఒంటెల పటాలాన్ని, వాటి మెడలోని గోర్‌బంద్ అల్లికను చేతికందే దూరంలో చూస్తారు. స్టేడియంలో కూర్చోవాలనుకుంటే పడమటి వైపు మెట్లు ఎంచుకోండి. మధ్యాహ్నం ఎండ మీ వీపుకు తగులుతుంది, ఎదుటివైపు వాళ్ళ కళ్ళల్లో పడుతుంది. మరుశ్రీ, మిస్ మూమల్, తలపాగా, మీసాల పోటీలు అక్కడే. మర్నాటి ఒంటె పోలో, ఒంటె పందేలు, తాడులాట చూడదగ్గవి.

ఫిబ్రవరి మొదట్లో జైసల్మేర్‌లో తెల్లారేది ఏడున్నరకు, విజయవాడ కంటే దాదాపు గంట ఆలస్యం. ఆరింటికి లేచి వీధిలోకి వస్తే టీ కూడా దొరకదు. సూర్యాస్తమయం మాత్రం 6:25 ప్రాంతంలో.

చివరి సాయంత్రం సమ్ దిబ్బల మీద, ఊరికి 40 కిలోమీటర్ల పైన. జైసల్మేర్ నుంచి మధ్యాహ్నం మూడుకల్లా బయల్దేరాలి. కచేరీ అయ్యాక అందరూ ఒకేసారి తిరుగుముఖం పడతారు, ఒకటే రోడ్డు. ఆ రాత్రికి సమ్‌లోనే శిబిరం తీసుకోవడం ఖర్చయినా సుఖం. గుంపు వద్దనుకుంటే ఊరికి నైరుతిన ఖూరీ దిబ్బలు ఉన్నాయి, అక్కడ పౌర్ణమి వెన్నెల అదే, మైకు ఉండదు. ఈ దిబ్బల చుట్టుపక్కలంతా డెజర్ట్ నేషనల్ పార్కు, బట్టమేక పిట్టలు మిగిలిన కొద్ది చోట్లలో ఒకటి. డ్రోన్ ఎగరేయవద్దు, అటు అడవి చట్టం, ఇటు సరిహద్దు.

పాట గురించి ఒక మాట. మాంగణియార్ కులం గాయకులు కమాయచా, లంగా కులం గాయకులు సింధీ సారంగి వాయిస్తారు, రెండూ తీగ వాయిద్యాలే. చేతిలో చెక్క పలకలతో లయ వేసే ఖడ్‌తాల్ రెండిటికీ తోడు. శిబిరాల్లో కీబోర్డు, సినిమా పాటలు పెట్టి గంట గడిపేయడం ఎక్కువైంది. గది బుక్ చేసేటప్పుడే "కమాయచా ఉంటుందా, స్పీకరు లేకుండా పాడతారా" అని అడగండి. జవాబులోనే తెలిసిపోతుంది. కళాకారులకు ఇవ్వదలచింది బృందానికంతా కలిపి పెద్దాయన చేతికి ఇవ్వండి.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు సరిహద్దు వైపు పల్లెలకు వెళ్ళాలంటే ముందస్తు అనుమతి అవసరం కావచ్చు, జైసల్మేర్ కలెక్టరు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మన పౌరులైతే సరిహద్దు దగ్గరి తనోట్ దాకా వెళ్ళొచ్చు, గుర్తింపు కార్డు అసలుది దగ్గరుండాలి.

10. రామ్‌దేవ్‌రాకు వెళితే

ఇది వేరే తరహా. బాబా రామ్‌దేవ్‌ను హిందువులు దేవుడిగా, ముస్లింలు రామ్‌షా పీర్‌గా కొలుస్తారు. భాద్రపదంలో జోధ్‌పూర్ నుంచి పోఖరణ్ దాకా రోడ్డు పొడవునా జెండాలు, గుడ్డతో కుట్టిన గుర్రాలు పట్టుకుని జనం కాలినడకన పోతుంటారు. పగలు ఎండ మండిపోతుంది కనుక వాళ్ళు ఎక్కువగా రాత్రే నడుస్తారు. కారులో వెళ్ళేవాళ్ళు రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. దర్శనం వరస గంటలకొద్దీ ఉంటుంది. భండారాల్లో (అన్నదాన శిబిరాల్లో) భోజనం అందరికీ ఉచితం, కూర్చుని తినండి, పారేయకండి. కామడ్ కులం ఆడవాళ్ళు ఒంటికి పదమూడు చిరుతాళాలు కట్టుకుని కూర్చునే ఆడే తేరహ్‌తాళీ చూడాలంటే ఈ మేళాకే రావాలి.

11. తిండి, కొనుగోళ్ళు, తిరుగు ప్రయాణం

అన్నం లేకుండా గడవనివాళ్ళు రెండు రోజులకే బేజారవుతారు. అన్నం అడిగితే దొరుకుతుంది గానీ అది వాళ్ళకు చేతనైన వంట కాదు. సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం, కేర్ సాంగ్రీ (ఎడారి కాయల కూర), గట్టే కూర (శనగపిండి ముక్కలది) తినండి, మన నాలుకకు సరిపోయే కారమే. దాల్ బాటీలో బాటీని చిదిపి నెయ్యి పోశాకే పప్పు పోసుకోవాలి, లేకపోతే గొంతు దిగదు. పుష్కర్‌లో రబ్డీ మాల్‌పువా, జోధ్‌పూర్‌లో మిర్చీ వడా, జైసల్మేర్‌లో ఘోటువా లడ్డూ. మేళా బండ్ల మీద కోసి పెట్టిన పళ్ళు, మంచు కలిపిన రసాలు వద్దు.

పుష్కర్‌లో గులాబీ తోటలున్నాయి, గుల్కంద్ అక్కడ కొనడం న్యాయం. తోలు మోజ్డీలు (అక్కడి జోళ్ళు) కొనేటప్పుడు కాస్త బిగుతుగా ఉన్నదే తీసుకోండి, వారంలో సాగుతుంది. పశువుల సరంజామా అమ్మే వరసలో గంటలు, గోర్‌బందులు, రంగు తాళ్ళు టూరిస్టు దుకాణం కంటే తక్కువకు దొరుకుతాయి, ఎందుకంటే అవి ఒంటెల కోసం పెట్టినవి. రాళ్ళు, వెండి మాత్రం మేళాలో కొనవద్దు. ఆటో డ్రైవరు తీసుకెళ్ళిన కొట్టులో ధరలో అతని వాటా కూడా ఉంటుంది.

పౌర్ణమి నాడు అజ్మీర్‌లో సాయంత్రం రైలుంటే ఉదయం పదికల్లా పుష్కర్ వదలండి. మధ్యాహ్నం తర్వాత స్నానాలు ముగించిన జనమంతా ఆ కొండ దారి మీదికే వస్తారు. బస్సు దొరకడం ఒక ఎత్తు, అది కదలడం ఇంకో ఎత్తు. అజ్మీర్ స్టేషన్లో నాలుగు గంటలు కాచుకోవాల్సి వచ్చినా ఫర్వాలేదు, క్లోక్ రూములో సామాను పెట్టి బయట కఢీ కచోరీ తిని రావచ్చు.